దాహం గుర్తున్న మొక్కలు

అత్తగారికి సీసాల పిచ్చి. కుళాయి తిప్పితే ఎప్పుడైనా నీళ్ళొచ్చే ఇంట్లో ఆవిడ పదకొండు సీసాలు నింపి మంచం కింద, బీరువా పక్కన, ఆఖరికి చెప్పుల అరలో కూడా పెట్టేవారు. కాలు తగిలి అవి దొర్లినప్పుడల్లా కోడలికి ఒళ్ళు మండేది. ఎవరికి మండదు చెప్పండి! అయినా పైకి ఒక్క మాట అనేది కాదు.

కోడలిది మొక్కల పరిశోధన. ప్రయోగశాలలో ఏసీ పాడవడంతో, ఆవమొక్కకి దూరపు చుట్టాలైన చిట్టి మొక్కల్ని ట్రేతో సహా ఇంటికి తెచ్చి వంటింటి కిటికీలో పెట్టింది. వాటిని ఒకసారి ఎండగట్టి, నీళ్ళు పోసి, మళ్ళీ ఎండగట్టింది. ఇక ఆకులు కోసి మైక్రోస్కోపు కింద చూడడమే తరువాయి.

ఆ పొద్దున చూస్తే ఏముంది! మొక్కలన్నీ నిగనిగలాడుతున్నాయి. మట్టి తడిసి ముద్దయింది.

“అత్తయ్యా! నీళ్ళు పోశారా?”

“పోశానే. పాపం తలలు వేలాడేస్తే చూస్తూ ఎలా ఊరుకోను? మొక్కల చదువు చదివి మొక్కల్నే మాడుస్తావా, ఇదేం చదువే తల్లీ!”

“ఆరు నెలల పని అత్తయ్యా! అంతా నాశనం చేశారు!”

అత్తగారి మొహం చిన్నబోయింది. అది చూశాక కోడలి కోపం సగం చల్లారింది. పక్కన కూర్చుని ఓపిగ్గా చెప్పింది. ప్రతి కణంలోనూ కేంద్రకమని ఓ చిన్న గది ఉంటుంది. అందులో డీఎన్ఏ దారప్పోగులా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. నీళ్ళు కరువైతే కొన్నిచోట్ల ఆ చుట్టలు వదులై, దాహాన్ని తట్టుకునే జన్యువులు పనిలోకి దిగుతాయి. నీళ్ళు పోశాక కూడా ఆ గుర్తులు కొన్నాళ్ళు చెరగవు. రెండోసారి దాహమేసినప్పుడు అవెలా పనిచేస్తాయో చూసేలోపే నీళ్ళు పడ్డాయి.

“అంటే, దానికి దాహం గుర్తుంటుందా?”

“ఉంటుంది. ఓ వారం కడుపునిండా నీళ్ళు పోస్తే మరిచిపోతుంది.”

“అదృష్టం,” అన్నారు అత్తగారు. “నేను అరవయ్యేళ్ళుగా తాగుతూనే ఉన్నా.”

కోడలికి అర్థం కాలేదు. ఆవిడ మొక్కలకేసే చూస్తూ చెప్పారు.

“అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. బావులన్నీ ఎండిపోయాయి. చెల్లికి జ్వరం. నీళ్ళక్కా, నీళ్ళక్కా అంటోంది. నీళ్ళకోసం పొద్దున్నే వెళ్ళిన అమ్మ ఇంకా రాలేదు. కుండ బోర్లించి చూశా. చుక్క లేదు. అమ్మ బిందెతో వచ్చేసరికి...”

ఆవిడ ట్రేలోని తడిమట్టిని వేలితో నొక్కి చూశారు.

కోడలు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆ సీసాల్ని తిట్టుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయింది.

“మళ్ళీ మొదలుపెడతాలెండి అత్తయ్యా. మీరు మాత్రం వాటికేసి చూడకండి.”

“చూడను, ఒట్టు. అటు తిరిగి కూర్చుంటా.”

ప్రయోగశాలకి బయల్దేరుతూ కోడలు చెప్పుల అర తెరిచింది. అక్కడి సీసా ఖాళీగా ఉంది. ఆ నీళ్ళే మొక్కలకి పోసి ఉంటారు. చెప్పులు వేసుకోకుండానే వెనక్కి వెళ్ళి, సీసా నిండా నీళ్ళు పట్టి, మూత బిగించి, తెచ్చి అక్కడే పెట్టింది.