తాళం తిప్పొద్దు

ప్రిస్కిల్లా ఇన్సూరెన్సు ఏజెంటు పరీక్ష పాసై అప్పటికి రెండు నెలలు. పదకొండేళ్లు మచ్చ బొల్లారంలో ఆడపిల్లలకు కుట్టు నేర్పిన మనిషి. మైకు పట్టుకోవడం మాత్రం అదే మొదటిసారి. నాగారంలో ఒక అపార్టుమెంటు సంఘానికి పెద్దగా ఉన్న మొగులయ్య, "వానకాలం జాగ్రత్తలు చెప్తనంటివి గద, వచ్చి పది నిమిషాలు చెప్పమ్మా" అని ఆదివారం మధ్యాహ్నం పిలిచాడు. చర్చి అయిపోగానే స్కూటీ మీద నేరుగా వచ్చేసింది. దారంతా చెప్పాల్సిన మాటలే వల్లె వేసుకుంది. భయంతోనా, సంబరంతోనా అంటే ఆమెకే తెలియదు.

మొదటి అంతస్తు హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. సగం మంది చూపు ఫోన్ల మీదే. గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకునే తారాబాయి, చినుకులు మొదలవగానే బట్టల మూటలతో సహా పైకొచ్చి వెనక వరసలో బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది.

"పాలసీలు అమ్మనీకి వచ్చినవా అక్కా?" అన్నాడు ముందు వరసలోంచి ఇస్తారి. అదే అపార్టుమెంటులో అద్దెకుంటాడు, క్యాబ్ నడుపుతాడు. కారు కొని ఇంకా మూడు నెలలు కాలేదు. హాలంతా ఘొల్లుమంది.

"ఇయ్యాల పాలసీ కాయితం ఒక్కటి గూడ తేలేదు తమ్మీ," అంది ప్రిస్కిల్లా. "ఉన్న పాలసీ అక్కరకొచ్చేటట్టు ఎట్ల జూసుకోవాల్నో చెప్పనీకొచ్చిన."

ఆ జవాబు తన నోటినుంచే వచ్చిందా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇక మాట ఆగలేదు. వానలు ముదరకముందే డాబా మీద గొట్టాల మూతుల్లో ఆకులు తీసేయమంది. ఇంట్లో సామాను, సెల్లార్లో బండి ఫొటోలు ఇప్పుడే తీసి పెట్టుకోమంది. సెల్లార్లోకి నీళ్లొస్తే కరెంటు మెయిన్ బంద్ చేశాకే కాలు పెట్టాలంది. నీళ్లలో మునిగిన బండికి తాళం తిప్పొద్దని రెండుసార్లు చెప్పింది. ఇంటికి ఇన్సూరెన్సు ఉన్నవాళ్లు చెయ్యెత్తమంటే ఇద్దరే ఎత్తారు. "బండికి చేయించిన్రు, ఇంటికి చేయించలే," అని ఆమె అంటుండగానే కిటికీ అద్దాలు గడగడలాడాయి. వాన కుండపోతగా దిగింది. అవతలి మేడ కూడా కనబడలేదు.

పావుగంటలో వాచ్‌మన్ ఎల్లేష్ తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చాడు.

"సార్, మీద ప్లాట్లేసిన వెంచర్ల కెల్లి నీళ్లు పొర్లుకుంట వస్తున్నయ్! సెల్లార్ నిండుతాంది!"

"నా బండి!" అంటూ ఇస్తారి కుర్చీ తన్నేసి మెట్ల వైపు దూకాడు. వాడు వెళ్లేది తాళం తిప్పడానికేనని ప్రిస్కిల్లాకు అర్థమైంది. చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడింది. రెండేసి మెట్లు దిగుతూ సెల్లార్ చివరి మెట్టు దగ్గర అతని చొక్కా అందుకుంది. ఎదురుగా మోకాలి పైదాకా ఎర్రటి నీళ్లు. అయినా ప్రిస్కిల్లా కాలు ముందుకే పడింది. అప్పుడు వెనకనుంచి ఎవరో ఆమె కొంగు పట్టి గట్టిగా లాగారు.

"ఆడ్నే ఆగుండ్రి!" తారాబాయి గొంతు. "మెయిన్ బంద్ చెయ్యకుంట నీళ్లల్ల దిగొద్దని గిప్పుడే జెప్పితివి గదనే బిడ్డా!"

ప్రిస్కిల్లా కాలు వెనక్కి తీసుకుంది. అదే సమయంలో మూలనున్న నీళ్ల మోటారు పెట్టెలోంచి చిటపటమని నీలం మెరుపులు లేచాయి. ఇస్తారి వెనక్కి తూలి మెట్టు మీద కూలబడ్డాడు.

"లిఫ్టుల ఎవ్వరు లేరు! బంద్ చెయ్!" అని పైనుంచి మొగులయ్య కేకేశాడు. తారాబాయి అప్పటికే మెట్లెక్కి పైనున్న మీటర్ల బోర్డు దగ్గరికి చేరింది. కొంగుతో చేతులు తుడుచుకుని, రబ్బరు చెప్పులతో ఎండు చెక్క మీద నిలబడి, మెయిన్ పిడిని కిందికి గుంజింది. దీపాలన్నీ ఆరిపోయాయి. మూలన చిటపటలూ ఆగాయి.

తాను చెప్పిన మాట తానే మరిచిపోయింది. హాల్లో వినలేదనుకున్న మనిషి విన్నది! ప్రిస్కిల్లాకు సిగ్గుపడే తీరిక లేదు. నీళ్లు తోసుకుంటూ ఇస్తారి కారెక్కేశాడు. ఆమె వెళ్లి కిటికీ మీద దబదబా కొట్టింది.

"తిప్పకు తమ్మీ! తాళం తిప్పకు!"

"సీటు కాడికొచ్చినయక్కా నీళ్లు! ఇప్పుడు తియ్యకపోతే నా బతుకే పోతది!"

"తిప్పితేనే పోతది! గాలితోని నీళ్లు గూడ గుంజుకుంటది ఇంజన్. లోపల రాడ్లు వంగుతయ్. మునిగినంక నువ్వే స్టార్ట్ చేసినవని తెలిస్తె ఇన్సూరెన్సు కంపెనీ ఇంజన్‌కు పైసలియ్యనంటది. నా మాటిను. తాళం నా చేతిలవెట్టు."

ఇస్తారి ఆమె మొహంలోకి చూశాడు. తలుపు కొంచెం తెరిచి, కళ్లు మూసుకుని తాళం ఆమె చేతిలో పెట్టాడు.

సరిగ్గా అప్పుడే అవతలి వరసలో, అదే మేడలో ఉండే దేవేందర్ తన కారు స్టార్ట్ చేశాడు. ఇంజను ఒకసారి మూలిగింది. లోపల టక్కుమని ఏదో విరిగినట్టు చప్పుడైంది. అంతే, మళ్లీ ఉలుకూ పలుకూ లేదు.

ప్రిస్కిల్లా తాళం కొంగున ముడేసుకుంది. పైకి తిరిగి అరిచింది. "పక్క సైటుల ఇసుక ఉంది! సిమెంటు సంచులల్ల నింపుండ్రి! జల్దీ!"

ఇందాక ఫోన్లు చూసినవాళ్లంతా వానలోకి ఉరికారు. నాగమణి అనే టీచరు చున్నీ నడుముకు చుట్టి సంచుల మూతులు కట్టింది. మొగులయ్య తన అరవై ఎనిమిదేళ్లు మరిచిపోయి సంచి భుజానెత్తుకున్నాడు. సెల్లార్ వాలు మొదట్లో పద్నాలుగు సంచులు పడ్డాక సెల్లార్లోకి దూకే నీళ్లు సన్నటి ధారయ్యాయి. "ఇగ నూకుండ్రి!" అని ఇస్తారి కేక. గేరు న్యూట్రల్‌లో పెట్టి పన్నెండు మంది కారు వెనక చేరారు. కాళ్లు జారుతున్నాయి, ఊపిరాడటం లేదు. అయినా ఒకటే అరుపులు, నవ్వులు. కారు వాలు మీద నీటి మట్టం దాటగానే చక్రాల కింద ఇటుకలు దూర్చారు. ఈలలు వేశారు. ప్రిస్కిల్లా ఒంటినిండా బురద. అంత సంతోషం తనకు ఎప్పుడు కలిగిందో ఆమెకు గుర్తులేదు.

నీటి గీత కనబడేలా ఫొటోలు తీయించి, అక్కడే నిలబడి కంపెనీకి ఫోను చేయించింది. మర్నాడు పొద్దున మరో బండి వచ్చి కారును మేడ్చల్ గ్యారేజీకి లాక్కుపోయింది. నష్టం లెక్కగట్టే సర్వేయరు కళ్ల ముందే ఇంజను విప్పారు.

ఆరోరోజున ప్రిస్కిల్లా నాగారం వచ్చి ఇస్త్రీ బండి దగ్గర ఆగింది. "తారక్కా, వచ్చే ఆదివారం బౌరంపేటల మాట్లాడమన్నరు. నువ్వు గూడ రావాలె," అంటుండగా ఫోను మోగింది.

"అక్కా, ఇంజన్ల చుక్క నీళ్లు లేవంట! వైరింగు, సీట్లు, అన్ని కంపెనీ వాళ్లే చేయించిన్రు!" ఇస్తారి అరుస్తున్నాడు. "ఆగు, విను, విను!"

ఫోను బానెట్ మీద పెట్టినట్టున్నాడు. బుర్రుమని ఇంజను మోత. ప్రిస్కిల్లా ఫోను తారాబాయి చెవి దగ్గర పెట్టింది. తారాబాయి ఇస్త్రీ పెట్టె పక్కనపెట్టి, ఆ చప్పుడు అయిపోయేదాకా వింది. మొహమంతా నవ్వు.

"వస్త గని బిడ్డా," అంది, "మైకు నాకు గూడ ఇస్తవా?"

"మొదలు నీకే," అంది ప్రిస్కిల్లా.