బస్టాండు ఎదుటి క్లినిక్

కట్టు విప్పిన రోజే ఉత్తరం కూడా వచ్చింది. జనగామ దవాఖాన నుంచి నర్మెట్ట దాకా బస్సులో, అక్కణ్ణుంచి మట్టిబాట పట్టుకుని కాలినడకన హరిలాల్, అతని భార్య సౌందర్య తమ తండాకు చేరేసరికి తల్లి తారి గుమ్మంలోనే నిలబడి ఉంది. పోస్టుమాన్ ఇచ్చిపోయిన కవరు ఆమె కొంగులో భద్రంగా ఉంది.

"ఏమున్నదే బిడ్డా అండ్ల? మంచిదేనా?" అంది తారి, కోడలి చేతికిస్తూ. తండాలో మాటంతా లంబాడీ. మానుకోటలో డిగ్రీ దాకా చదివిన సౌందర్యకు తెలుగు ఎక్కువ అలవాటు. అందుకని అత్తాకోడళ్ళు రెండూ కలిపేసి మాట్లాడుకునేవారు. అత్తను మాత్రం ఆమె లంబాడీలోనే యాడీ, అంటే అమ్మా, అని పిలిచేది.

సౌందర్య నిలబడే చదివింది. లైన్‌మన్ ఉద్యోగాల జాబితాలో హరిలాల్ పేరుంది. నవంబరు పన్నెండున వరంగల్లులో కరెంటు స్తంభం ఎక్కి చూపించాలి. ఎక్కితే ఉద్యోగం. భూపాలపల్లి వైపు ఖాళీలు చాలా ఉన్నాయని అప్పటికే విన్నారు. సౌందర్యకు ఆ క్షణంలో స్తంభం కనిపించలేదు. భూపాలపల్లిలో రెండు గదుల క్వార్టరు, ఆ రెండు గదుల మధ్య తలుపు, ఆ తలుపుకు లోపలి వైపు గడియ కనిపించాయి. పెళ్ళయిన నాలుగు నెలలుగా ఆమె కాపురమంతా ఒకే గదిలో, అడ్డంగా కట్టిన పాత చీర వెనకే నడుస్తోంది మరి.

"గీ చేత్తోని ఎక్కుడెట్ల?" అన్నాడు హరిలాల్, నవ్వుతూనే.

ఆ చెయ్యి విరిగింది కూడా స్తంభం మీదినుంచే. పరీక్షకు సాధన చేస్తానని ఆగస్టులో ఒకనాడు తండా చివరి స్తంభం ఎక్కి, పైనుంచి పెళ్ళాం వైపు చెయ్యి ఊపి, దిగుతుంటే వాన తడికి జారాడు. ఎముక ఇప్పుడు అతుక్కుంది కానీ, నెలరోజులు కట్టులో ఉన్న మోచెయ్యి సగం మడిచిన కత్తిలా బిగుసుకుపోయింది. చాచబోతే సాగదు. రోజూ ఫిజియోథెరపీ చేయిస్తే నలభై రోజుల్లో సాగుతుందని, నాగా మాత్రం పెట్టొద్దని పొద్దునే డాక్టరు చెప్పాడు. పరీక్షకు ఇంకా రెండు నెలలు ఉంది. సౌందర్య వేళ్ళ మీద లెక్కపెట్టి, సరిపోతుందని తేల్చేసింది.

ఎక్కడ చేయించాలన్నదే మిగిలింది. మానుకోటలో ఆమె పుట్టింటికి నాలుగిళ్ళ అవతలే ఒక పెద్దాయన ఈ పనే చేస్తాడు. నలభై రోజులూ అక్కడే ఉండి చూపించుకోండి, చెప్పులేసుకునే పని కూడా ఉండదు అని సౌందర్య తండ్రి ఫోనులో రెండుసార్లు చెప్పాడు. తారి ఒప్పుకోలేదు. "పెండ్లయి ఆర్నెల్లు గాలే. అల్లుడు అత్తగారింట్ల కూసొని తింటున్నడని తండంత నవ్వుతరు" అంది. హరిలాల్ తల వంచుకుని తల్లి మాటకే ఊఁ కొట్టాడు.

సౌందర్య పట్టుపడితే వాళ్ళిద్దరూ దిగివచ్చేవారేమో. ఆమె పట్టుపట్టలేదు. జనగామలో బస్టాండుకు ఎదురుగా మధుకర్ అనే ఆయన క్లినిక్ ఉందని దవాఖానలో నర్సు చెప్పింది. మర్నాడే వెళ్ళి చూసుకొచ్చి, ఇంట్లో వకీలులా వాదించింది. బస్సు దిగితే అరవై రెండు అడుగులే, తాను నడిచి లెక్కపెట్టింది. మెట్లు లేవు. ఆటో ఎక్కే పని లేదు, గుంపులో ఎవరి భుజమో తగిలి చెయ్యి నొప్పి పెట్టే భయం లేదు. నర్మెట్ట బస్సు గంటకొకటి ఉంది. ఇంతకంటే వీలైన చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఇవన్నీ నిజాలే. కానీ ఆమె చెప్పని కారణం ఒకటుంది. పోనూ రానూ కలిపి రోజుకు గంటన్నర బస్సులో హరిలాల్ పక్కన కూర్చోవచ్చు. అత్త దగ్గు వినబడని గంటన్నర. అటూ ఇటూ చూసి మాట్లాడనక్కరలేని గంటన్నర.

ఆ పది రోజులూ ఆమెకు పండగే. డ్రైవరు వెనక రెండో సీటు వాళ్ళది. కిటికీ పక్క ఆమె, ఇవతల అతను, బాగున్న చెయ్యి ఆమె వైపు. కండక్టరు మూడో రోజు నుంచే, "గది కొత్త జంట సీటు, జర లేవవే అవ్వా" అని ముసలమ్మలను లేపేవాడు. సౌందర్య సిగ్గుతో కిటికీ బయటికి చూసేది. పత్తి చేలలో పూత, గేదె వీపు మీద తెల్లకొంగ, తిరుగు ప్రయాణంలో కాగితం పొట్లంలో వేడివేడి మిర్చి. ప్రతిదీ తనకోసమే ఎవరో అక్కడ పెట్టినట్టుండేది.

క్లినిక్‌లో మధుకర్ మోచేతికి వేడి కాపడం పెట్టి, ఒక చేత్తో భుజం పట్టి, ఇంకో చేత్తో మణికట్టును నెమ్మదిగా కిందికి దించేవాడు. కోణం కొలిచే స్కేలు పెట్టి చూసి, పుస్తకంలో రాసుకునేవాడు. సౌందర్య తెర పక్కన నిలబడి అంతా చూసేది. ఇంటికి రాగానే హరిలాల్‌ను గోడకు ఆనించి కూర్చోబెట్టి, చెయ్యి చాచమని, వేళ్ళ కొనలు ఎక్కడికి వస్తే అక్కడ గోడ మీద బొగ్గుతో గీత గీసేది. పది రోజుల్లో అయిదు గీతలు పడ్డాయి, ఒకదాని కింద ఒకటి. క్వార్టరు తలుపు అయిదు మెట్లు దగ్గరైంది.

పదకొండో రోజు సోమవారం. బస్సులు ఆగిపోయాయి.

సకల జనుల సమ్మె అప్పటికే వారంగా నడుస్తోంది. బళ్ళు మూశారు, ఆఫీసులు మూశారు, ఆ రోజు నుంచి ఆర్టీసీ వాళ్ళు కూడా దిగారు. తండాలో ఎవరూ అందుకు బాధపడలేదు. హరిలాల్ అయితే మెడలో చేతిపట్టీతోనే నర్మెట్ట దీక్షా శిబిరంలో ఒక రోజు కూర్చొచ్చాడు. రాష్ట్రం వస్తే మన కొలువులు మనకే అని అతనికి గట్టి నమ్మకం. సౌందర్యకూ అదే నమ్మకం. నాలుగు రోజుల్లో తేలిపోతుందనుకున్నారు.

నాలుగు రోజులు పది రోజులయ్యాయి. పక్కింటి వాల్యా తన బండి మీద రెండుసార్లు జనగామ తీసుకుపోయాడు. గుంతల్లో ప్రతి కుదుపుకూ హరిలాల్ పళ్ళు బిగపట్టాడు. మూడోసారి అడుగుదామంటే వాల్యాకు చేనుపని మొదలైంది. ఒకరోజు ఆటో మాట్లాడుకుంటే, దారిలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నవాళ్ళు ఆపేశారు. చెయ్యి చూపిస్తే అయ్యో అన్నారు, కూర్చోబెట్టి పప్పన్నం పెట్టారు, కానీ ముందుకు మాత్రం పోనివ్వలేదు. అవతల ఇంకో నాలుగు చోట్ల ఆపుతరు తమ్మీ అని నచ్చచెప్పారు. హరిలాల్ వాళ్ళతో గొంతు కలిపి జై తెలంగాణ అని, అదే ఆటోలో వెనక్కి వచ్చాడు.

సౌందర్య మధుకర్‌కు ఫోన్ చేసింది. ఆయన తొందరేమీ లేనట్టు మాట్లాడాడు. రోజుకు మూడుసార్లు హరిలాలే, తనకు తానుగా, వచ్చినంత మేరకు వంచుకోవాలి, చాచుకోవాలి. పక్కవాళ్ళు చెయ్యి వెయ్యొద్దు. ఆలస్యమైతే కానివ్వండి, బలవంతం మాత్రం వద్దు.

ఆమె సరేనంది. నాలుగు రోజులు ఆ మాట మీదే ఉంది. గోడ మీద గీత కదల్లేదు. దసరా దగ్గరికొచ్చింది. నవంబరు పన్నెండు దగ్గరపడుతోంది. తారి ఒక సాయంత్రం, రేగొండ దిక్కు తన మేనమామ వరసాయన విరిగిన చేతులు చూస్తాడని, కబురు పెడితే ఎట్లాగో వస్తాడని అంది. సౌందర్యకు ఒళ్ళు మండింది. నూనె పోసి పిసికి నాశనం చేస్తారు యాడీ, వద్దు, అని గట్టిగానే చెప్పింది. తారి మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

మర్నాడు సౌందర్య తానే మొదలుపెట్టింది. పది రోజులు కళ్ళారా చూసింది కదా. వేడినీళ్ళ గుడ్డతో కాపడం, ఒక చెయ్యి భుజం మీద, ఇంకో చెయ్యి మణికట్టు మీద. మధుకర్ ఆపిన చోట ఆమె ఆపలేదు. అంతే తేడా. అరవై అంకెలు లెక్కపెట్టేదాకా తన బరువంతా వేసి నొక్కింది. హరిలాల్ తువ్వాల కొరికి పట్టుకున్నాడు. కళ్ళనీళ్ళ మధ్యలోంచే, "పెండ్లి సూపులప్పుడు నీకింత బలమున్నదని మీ నాయిన జెప్పలే" అన్నాడు. ఆమె ఫక్కున నవ్వి, మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టింది.

మూడు రోజుల్లో గీత కదిలింది. వారంలో రెండు గీతలు పడ్డాయి. సౌందర్య సంతోషం పట్టలేక ఆ రోజు బెల్లం పాయసం చేసింది.

తరువాత మోచెయ్యి వాచింది. ముట్టుకుంటే వేడిగా తగిలింది. పని చేసిన చెయ్యి వేడెక్కదా అనుకున్నారు. ఇంకో నాలుగు రోజులకు మోచేతి ముందువైపు, కాస్త పైన, చర్మం కింద గట్టిగా ఒక ముద్ద చేతికి తగిలింది.

"సూడు సూడు, కండ వడుతున్నది" అంది సౌందర్య. అతని బాగున్న చేతి వేళ్ళు పట్టుకుని ఆ ముద్ద మీద పెట్టింది. హరిలాల్ పహిల్వానులా ముఖం పెట్టాడు. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. చీరతెర అవతలినుంచి తారి వచ్చి, వంగి చూసి, వేలితో తాకి, "గిది కండ లెక్క లేదు బిడ్డా" అంది. సౌందర్య వినిపించుకోలేదు. ఆ రోజు నుంచి గీత కదలకపోతే, ఇంకా గట్టిగా నొక్కింది.

అక్టోబరు సగం దాటాక బస్సులు మొదలయ్యాయి. మొదటి రోజే బయల్దేరారు. అదే కండక్టరు, వాళ్ళను చూడగానే ముఖమంతా నవ్వుతో రెండో సీటు ఖాళీ చేయించాడు. చెయ్యి ఎట్లున్నది తమ్మీ అని అడిగాడు. "కండలు వచ్చినయన్నా" అన్నాడు హరిలాల్. సౌందర్య కిటికీలోంచి చూసింది. పత్తి పగిలి తెల్లగా ఉంది. బస్టాండులో దిగి, అలవాటుగా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. అరవై రెండు.

మధుకర్ హరిలాల్ చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆ ముద్ద మీద బొటనవేలు పెట్టి, అక్కడే ఆగిపోయాడు. స్కేలు తీయలేదు. పుస్తకం తెరవలేదు. ముందు ఎక్స్‌రే తీయించుకురమ్మన్నాడు. తెచ్చాక దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. ఎముక పక్కన, ఉండకూడని చోట, తెల్లటి మసక ఉంది, అద్దం మీద ఊదిన ఆవిరిలా.

"ఎవరు ఒత్తిన్రు దీన్ని?" అన్నాడు.

హరిలాల్ వెంటనే జవాబు చెప్పాడు. "ఎవరు లేరు సార్. నేనే నీళ్ళ బిందెలెత్తిన."

మధుకర్ అతని వైపు చూడలేదు. సౌందర్య చేతుల వైపు చూశాడు. ఆమె తన అరచేతులు ఎప్పుడు కొంగు కింద దాచుకుందో ఆమెకే తెలియదు.

"నేను సార్" అంది. "నేనే ఒత్తిన. రోజూ."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది. నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. బలవంతంగా సాగదీస్తే లోపల కండ చిట్లుతుంది. చిట్లిన చోట నెత్తురు గూడుకట్టి, అది ఎముకగా మారుతుంది. ముద్ద అదే. ఇక దాన్ని ముట్టుకోకూడదు, కాపడం కూడా వద్దు. నెలనెలా ఎక్స్‌రే తీసి చూడాలి. ఏడాదికి అది పెరగడం ఆగితే, అప్పుడు ఆపరేషన్ చేసి తీయొచ్చేమో. అయినా మునుపటంత రాకపోవచ్చు.

"నవంబరు పన్నెండుకు సార్?" అన్నాడు హరిలాల్.

మధుకర్ తల అడ్డంగా ఊపాడు. రోజూ ఎవరో ఒకరు ఈ పని తెలిసినవాళ్ళు చెయ్యి చూస్తూ, అతనెంత కదిలించాలో చెబుతూ ఉండాలన్నాడు. "నడిచిపొయ్యేటంత దగ్గర ఉండాలె. గీ బస్సులను నమ్ముకోని ఇగ కాదు" అన్నాడు.

తిరుగు బస్సులో సౌందర్య కిటికీ పక్కన కూర్చోలేదు. హరిలాలే జరిగి కూర్చున్నాడు. దాంతో పాడైన చెయ్యి ఆమె వైపుకు వచ్చింది. దారి పొడుగునా అది ఆమె చేతికి తగులుతూనే ఉంది. ఆమె పక్కకు జరిగితే అతను జరగనివ్వలేదు. ఒకచోట, "నువ్వెందుకు జెప్పినవ్? నేను జెప్పిన కద" అన్నాడు, అంతే. స్టేజీలో మిర్చి బండి దగ్గర బస్సు ఆగినా ఇద్దరూ దిగలేదు.

ఇంటికి వచ్చేసరికి తారి రొట్టెలు కొడుతోంది. ఏమన్నడని అడిగింది. హరిలాల్ బిందెల కథ మళ్ళీ ఎత్తుకోబోయాడు. సౌందర్య అతన్ని దాటి వచ్చి అత్త ముందు కూర్చుంది. ఉన్నదున్నట్టు చెప్పింది. మధుకర్ వద్దన్నా తాను నొక్కిన సంగతి, ముద్ద సంగతి, పన్నెండో తారీకు సంగతి, చెయ్యి చూసేవాళ్ళు నడిచిపోయేంత దగ్గర ఉండాలన్న సంగతి. నీ మేనమామను రానియ్యలేదు యాడీ, ఆయనకంటె ఎక్కువ నాశనం నేనే జేసిన, అని చెప్పింది.

తారి చేతిలోని పిండిముద్ద పళ్ళెంలో పెట్టింది. లేచి గోడ దగ్గరికి పోయింది. బొగ్గు గీతలను పైనుంచి కిందిదాకా చూసింది. చివరి రెండింటినీ తడి చేత్తో తుడిచింది. మిగతా అయిదింటిని అట్లాగే వదిలేసింది. ఉత్తరం దూలం సందులో ఉంది, దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు ఆమె వీపే కనిపించింది కానీ ముఖం కనిపించలేదు. కోపమో, ఏడుపో, సౌందర్యకు తెలియలేదు.

తిరిగి వచ్చి పొయ్యి ముందు కూర్చుని, ఆగిన రొట్టెను మళ్ళీ కొడుతూ తారి అంది.

"రేపు పొద్దుగాల మొదటి బస్సుకు ఇద్దరు మానుకోట పొండ్రి. చెయ్యి ఒక దారికొచ్చేదాంక గాడనే మీ నాయినింట్ల ఉండుండ్రి. నవ్వెటోల్లు నవ్వనీ. స్టేజీ దాంక నేనొచ్చి ఎక్కిస్త."