సన్నటి చప్పుళ్లు

…ముందు పోయింది కీచురాళ్ల చప్పుడు. తర్వాత దయామణి గాజులు. ఆ తర్వాత, వరస తప్పకుండా, దయామణి గొంతు. లావు చప్పుళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు, అనుకున్నాడు సుందరరాజు. పదమూడేళ్లు విమానం ఇంజన్ల పక్కన నిలబడ్డ చెవులు మరి. సెలవు పెట్టి అత్తగారి ఊరు అవనిగడ్డ వస్తే, ఇక్కడి నిశ్శబ్దానికి పోయినవి తిరిగొస్తాయేమో అనుకున్నాడు. రాలేదు. సోమవారం బెంగుళూరులో చెవుల పరీక్ష. అందులో తప్పితే ఇక ఇంజన్ల దగ్గరికి రానివ్వరు. స్టోరులో కూర్చుని నట్లు పంచుతూ ఉండాలి. ఈ సంగతి దయామణికి కూడా చెప్పలేదు.

ధాన్యం ఆడించడానికి ఇద్దరూ మిల్లుకి వచ్చారు. ఇక్కడ అతనికి కాస్త హాయి. మిల్లులో అందరూ అరిచే మాట్లాడతారు.

"ఏం చెప్పినా ఊఁ అంటారేంటండీ!" బస్తా మీద కూర్చుని దయామణి అరిచింది. "కృపావరం బాబాయికి పక్షవాతం వచ్చిందంటే, మంచిదే అన్నారు! మా అమ్మ మీతో మాట్లాడ్డమే మానేసింది. అంత గొప్పోళ్లయిపోయారా?"

అతను నవ్వేశాడు. గొప్ప అనుకుంటేనే నయం.

ఇంతలో మిల్లు యజమాని శోభనాద్రి వచ్చాడు.

"ఏవయ్యా సుందర్రాజూ, విమానాలకేనా డాక్టరువి? మా ముసలిదాని నాడి కూడా కాస్త చూడు. నిన్నట్నుంచి లోపల ఏదో టిక్కుటిక్కుమంటోంది. బేరింగు పోయిందంటే ఆపేస్తా, లేదంటే ఆడించేస్తా. నీ మాటే మాట."

సుందరరాజు జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవరు తీశాడు. సెలవులో కూడా అది లేకుండా గడప దాటడు. మొన ఇంజను ఒంటికి ఆనించి, పిడి తన చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టాడు. విమానాల షెడ్డులో అతని పేరంతా ఈ పనితోనే వచ్చింది. లోపల ఏది అరిగిందో విప్పకుండానే చెప్పేవాడు.

దబదబమని వినిపించింది. దాని వెనక ఉండాల్సిన టిక్కు రాలేదు. కళ్లు మూసుకున్నాడు. అయినా రాలేదు.

కిందటి నెల కూడా ఇలాగే వినబడలేదు. బాగుందని సంతకం పెట్టేశాడు, రెండు ఇంజన్లకి. ఆ రెండు విమానాలూ క్షేమంగానే దిగాయి. అదృష్టం కొద్దీ దిగాయన్న సంగతే అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

"ఏవయ్యా, చెప్పవేం?"

'ఏం లేదండీ, ఆడించండి' అన్న మాట నాలిక మీదికి వచ్చేసింది. అదంత తేలిగ్గా వచ్చినందుకు భయం వేసింది. బస్తాల దగ్గరికి వెళ్లి, దయామణి చెయ్యి పట్టుకుని ఇంజను దగ్గరికి తీసుకొచ్చాడు.

"ఏంటండీ ఇది, నలుగురూ చూస్తుంటే!"

"నాకు వినబడ్డం లేదు దయా. ఇదే కాదు, నీ మాట కూడా. నువ్వు విని చెప్పు."

అరిచి చెప్పక తప్పలేదు. మిల్లంతా వింది. ఎవరి మొహమూ చూడలేదతను. మొన ఇంజనుకి ఆనించి, ఆమె చెవి మీది జుట్టు పక్కకి తీసి, పిడిని ఆ వెనక ఎముక మీద మెల్లగా ఉంచాడు.