అగరొత్తి ఆరేలోపు

"మా ఆవిడ దగ్గర డబ్బుపెట్టె తాళంచెవి ఉంటుంది గానీ, ఆ పెట్టె ఎప్పుడు తెరవాలో మాత్రం తెలీదు," అన్నాడు లువాన్. ముందుగదిలో చాప మీద కూర్చున్న మగవాళ్ళంతా గొల్లున నవ్వారు.

వంటింట్లో బియ్యప్పొరల్లో పందిమాంసం చుట్టి నూనెలో వేస్తున్న దియెప్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నూనె చిట్లి మణికట్టు మీద పడింది. తుడుచుకుని మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు మామగారి తద్దినం. తెల్లవారకముందే లేచి పదకొండు రకాలు వండింది. వండినవాళ్ళని మెచ్చుకునే అలవాటు ఆ ఇంట్లో లేదు. ఉప్పు తగ్గితే మాత్రం పళ్ళెం ముందు కూర్చున్న చిన్నపిల్లాడి దాకా అందరూ చెబుతారు.

నవ్వినవాళ్ళలో ట్వాన్ ఉన్నాడు. సైగాన్ నుంచి వచ్చిన పెద్ద వ్యాపారి, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. తద్దినానికి వచ్చినట్టు వచ్చి బేరం తెచ్చాడు. వాళ్ళు చేపల్ని ఉప్పులో ఏడాది ఊరబెట్టి తీసే చేప ఊట నెలకు రెండువేల సీసాలు, అంటే నెల సరుకంతా, తనకే ఇవ్వాలి. సంతలో ఆడవాళ్ళు ఇచ్చేదానికన్నా సీసాకు ఐదువేల డాంగ్, అంటే ఓ టీ ఖరీదు, ఎక్కువ ఇస్తాడు. కాకపోతే మూడో లోడు దిగాక మొదటి లోడు డబ్బు ఇస్తాడు. సరుకు తలకింద సరుకు పెట్టి, అంటే ఒక లోడు బాకీ ఉండగానే ఇంకో లోడు దింపి, నడపడం ఆ ఊరి వ్యాపారానికి కొత్త కాదు. కానీ పాత లోడు డబ్బు కొత్త లోడు దిగగానే ఇచ్చేయాలి. ఒక లోడే బాకీ ఉండాలి. ఇతను రెండు అడుగుతున్నాడు.

"నెలకు కోటి డాంగ్ అదనపు లాభం! ఇంకా ఆలోచనేంటి, తమ్ముడూ?" అంటున్నాడు ట్వాన్.

"ఆలోచన ఎవరికుంది అన్నా? గ్లాసు ఎత్తడమే తరువాయి," అన్నాడు లువాన్.

గ్లాసు ఎత్తితే బేరం కుదిరినట్టే. కానీ ఇంకా ఎత్తడానికి లేదు. పీఠం మీద మామగారి ఫోటో ముందు పదకొండు గిన్నెలు పెట్టి అగరొత్తి వెలిగించారు. అది ఆరేదాకా ఆయన భోంచేస్తున్నట్టే లెక్క. అంతవరకూ ఎవరూ గిన్నె ముట్టుకోరు, గ్లాసు ఎత్తరు, గొంతు పెంచరు. దియెప్ తలుపు సందులోంచి చూసింది. అగరొత్తి సగం పైగా మిగిలి ఉంది.

పొయ్యిలోంచి చల్లారిన బొగ్గుముక్క తీసుకుని గోడ వైపు తిరిగింది. పెట్టెలో ఇప్పుడు పద్నాలుగు కోట్ల డాంగ్. నెత్తళ్ళ పడవలు రావడానికి రెండు నెలలు. పది పీపాలు నింపాలంటే పీపాకి మూడు కోట్ల చేప, మొత్తం ముప్పై. రేవులో పడవవాళ్ళు అరువు ఎరగరు, చేతిలో డబ్బు పడందే బుట్ట కిందికి దించరు. సంతలో ఆడవాళ్ళు ఐదువేలు తక్కువే ఇస్తారు, కానీ వారం తిరక్కుండా ఇస్తారు. సీసాలు, పనివాళ్ళ జీతాలు, ఇంటి ఖర్చు పోగా నెలకు ఎనిమిది కోట్లు మిగులుతాయి. రెండు నెలలకు పదహారు. పద్నాలుగూ పదహారూ ముప్పై. అచ్చంగా ముప్పై. ట్వాన్‌కి ఇస్తే ఈ రెండు నెలలూ చేతికి ఒక్క డాంగ్ రాదు. జీతాలు మాత్రం ఆగవు, ఆరు కోట్లు పోతాయి. మిగిలేది ఎనిమిది. రెండు పీపాలు నిండుతాయి, మూడోది నిండదు. తక్కిన ఏడూ ఏడాదిపాటు నోరు తెరుచుకుని కూర్చుంటాయి. మరి వచ్చే ఏడు ఇదే ట్వాన్‌కి ఏం పోస్తారు, సముద్రం నీళ్ళా?

లువాన్ పీపాలను చూస్తే ఆస్తి కనిపిస్తుంది. వచ్చినవాళ్ళందరికీ వాటిని తట్టి చూపిస్తాడు. దియెప్‌కి వాటిలో తన డబ్బు కనిపిస్తుంది, ఉప్పులో మునిగి, మూత కింద పన్నెండు నెలలు కదలకుండా ఉన్న డబ్బు. ఒక్కో పీపా మీద చేప పోసిన తేదీ సుద్దతో రాసి ఉంటుంది. ఆ తేదీ కింద ఆమె ఇంకో తేదీ చిన్నగా రాస్తుంది, ఆ డబ్బు తిరిగి ఇల్లు చేరాల్సిన రోజు. పద్దెనిమిదేళ్ళుగా రాస్తోంది. అదేంటని ఒక్కరూ అడగలేదు. లాభం వేరు, చేతిలో డబ్బు వేరు అని ఆమెకు ఎవరూ నేర్పలేదు. మూడేళ్ళ కిందట ఇలాంటి బేరమే, ఇలాంటి తద్దినం రోజే కుదిరింది. ఊరంతా అమ్మకాలు రెట్టింపయ్యాయని పొగిడింది. పడవలు వచ్చేసరికి పెట్టె ఖాళీ. పెళ్ళిగాజులు రెండూ అమ్మి నాలుగు పీపాలు నింపింది. మిగతా ఆరూ ఎందుకు ఖాళీ అని ఊళ్ళోవాళ్ళు అడిగితే లువాన్, "ఈ ఏడు సముద్రం సరిగా ఇవ్వలేదు," అని చెప్పుకొచ్చాడు. ఆ అబద్ధానికి ఆమె కూడా తలూపింది. గాజులు పోయినందుకు కాదు, అలా తలూపినందుకే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పళ్ళెం తీసుకుని ముందుగదిలోకి వెళ్ళింది. చాప మీద పెట్టి వెనక్కి రాలేదు. అక్కడే, మగవాళ్ళ మధ్య, కాళ్ళు మడుచుకుని కూర్చుంది.

"ట్వాన్ అన్నా, మీ బేరం ఇప్పుడు కుదరదు," అంది.

ట్వాన్ నవ్వు మొహంతోనే లువాన్ వైపు తిరిగాడు. "ఏం తమ్ముడూ, ఇంట్లో ఓనరు ఎవరు?"

"ఏయ్, లోపలికి పో," అన్నాడు లువాన్ పళ్ళ బిగువున. "పొయ్యి దగ్గర లెక్కలు వేరు, వ్యాపారం వేరు."

"పొయ్యి దగ్గరే వేశాను, గోడ మీద ఉన్నాయి, వెళ్ళి చూడండి. ట్వాన్ అన్న మాట వింటే రేవుకి ముప్పై బదులు ఎనిమిది కోట్లతో వెళ్తాం. ఈసారి అమ్మడానికి నా చేతులకి గాజులు లేవు."

మూడేళ్ళుగా సముద్రం మీద వేసిన నింద నిజానికి ఎవరి మీద పడాలో అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. లువాన్ మొహం కందగడ్డలా అయింది. "దియెప్!" అని అరిచాడు.

"గొంతు తగ్గించరా," అంది మూలన తమలపాకులు నములుతున్న అత్తగారు, తల ఎత్తకుండానే. "మీ నాన్న ఇంకా భోంచేస్తున్నాడు."

లువాన్ తల తిప్పి అగరొత్తి వంక చూశాడు.

"ఆయన టైములో నా గాజులూ ఇలాగే పోయాయి," అంది ముసలావిడ ఫోటో వంక చూస్తూ. "నేను లోపలే కూర్చున్నాను. నువ్వు చెప్పమ్మా, అగరొత్తి ఇంకా ఉంది."

దియెప్ ట్వాన్ వైపు తిరిగింది. "చేపలు పీపాల్లో పడ్డాక, ఆగస్టు నుంచి ఇస్తాను. నెలకు ఐదువందల సీసాలు. రెండో లోడు దిగగానే మొదటి లోడు డబ్బు. ఐదువందల సీసాల డబ్బు మీ దగ్గర ఉండిపోయినా వచ్చే ఏడు నా పీపాలు నిండుతాయి. అంతకు మించి నా డబ్బుతో మీ కొట్టు నడపలేను, అన్నా."

ట్వాన్ నవ్వు అప్పటికి ఆగింది. "చెల్లెమ్మ గట్టిదే," అని ఫోను తీసి చూసుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి అగరొత్తి ఆరింది. అందరూ తిన్నారు. గ్లాసులు ఎత్తారు గానీ, మామగారి పేరు మీదే ఎత్తారు.

ఎనిమిది రోజులు లువాన్ ఆమెతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు పీపాల దగ్గర నిలబడి, సుద్ద తేదీల కింద ఉన్న చిన్న తేదీని వేలితో చూపించి, "ఇదేంటి?" అన్నాడు. చెప్పింది. పదో పీపా దాకా వెంట నడిచి విన్నాడు. ఏమీ అనలేదు. అతను అనకపోవడం కూడా ఆమెకి ఆ రోజు చాలనిపించింది.

జూలైలో నెత్తళ్ళు వచ్చాయి. ఏటా రేవులో లువాన్ నల్లకళ్ళద్దాలతో ముందు నిలబడి బేరమాడేవాడు, ఆమె వెనక సంచి పట్టుకుని ఉండేది. ఈసారి సంచితో నేరుగా పడవ దగ్గరికి ఆమే నడిచింది. గుప్పెడు చేప తీసి వాసన చూసింది, పొట్ట నొక్కి చూసింది. పట్టి ఆరుగంటలు కూడా కాలేదు. సంచిలో ముప్పై కోట్లు ఉన్నాయి, ఎవరి దగ్గరా చెయ్యి చాచని ముప్పై కోట్లు. దాని బరువుకి భుజం లాగుతుంటే ఆమెకి చిన్నప్పుడు ఈత నేర్చుకున్న రోజంత గర్వంగా ఉంది.

పడవ మీంచి సాంగ్ ముసలాయన తొంగి చూశాడు. "ఓనరు ఏడమ్మా? రేటు మాట్లాడుకోవాలి."

లువాన్ ఆమె వెనక ఖాళీ బుట్టలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముసలాయన అతన్ని చూడనే చూశాడు. లువాన్ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు, ముందుకి మాత్రం రాలేదు.

దియెప్ సంచి ముడి విప్పింది.

"వచ్చాను కదా బాబాయ్, చెప్పండి."