నోరు లేని పలక

విత్తనానికి వేరుశనక్కాయలు చేత్తోనే ఒలవాలి. మిషన్లో వేస్తే పప్పు మీది ఎర్రపొర చిట్లుతుంది. చిట్లిన పప్పు మొలవదు. అందుకే వానలకు ముందు రైతు రంగప్ప వాకిట్లో పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఒలుస్తారు. వాళ్లకు నేను నవలలు చదువుతాను. ఆదోని పత్తి జిన్నింగు మిల్లులో కుడిచేతి మూడు వేళ్లు పోయాక నేను ఒలవలేను. చదివినందుకు సాయంత్రం ఒక్కొక్కరు దోసెడు పప్పు నా చాటలో పోస్తారు, అది నేను ఒలిచినట్టే లెక్క, ఆ కొలతకే నాకు కూలి. ఏడో తరగతితో బడి మానినవాడికి ఈ లోకం అంతకంటే ఏమీ ఇవ్వలేదు, ఇస్తుందని నేనూ అనుకోలేదు.

ఈ ఏడు, ఒలిచేవాళ్లలో ఒకతైన మద్దమ్మ మనవరాలు ఇందు రెండు పలకలు తెచ్చింది. చార్జింగు పెట్టి పుస్తకాలు చదువుకునే పలకలు. ఆ పిల్ల ఆదోనిలో ఏదో పుస్తకాల సంఘంలో పనిచేస్తుంది. నాలుగు రోజులు వాడి చూసి ఏది మంచిదో చెబితే అది మాకే ఉంచుతారట, రెండోది వాపసు.

"సదివేటోడివి నువ్వే కదా మామా, నువ్వే సెప్పల్ల," అంది.

ఒకటి రంగుది, అద్దంలా మెరుస్తుంది. అదే పైకి చదివి వినిపిస్తుంది. రెండోది నలుపూ తెలుపూ, చూడ్డానికి కాగితమే. దానికి నోరు లేదు. రంగుది ఉండిపోతే నా చాట ఖాళీ అని ఆ నిమిషంలోనే తెలిసింది. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ముందు రంగుది పెట్టారు. ఏ కథ కావాలని ఇందు అడిగితే దేవమ్మ నన్ను చూపిస్తూ అందుకుంది. "మూడేండ్ల కింద పుల్లన్న సదివినాడే, కమల కథ, అది పెట్టు పాపా. మరుదులతో కొట్లాడి సేను తెచ్చుకుంటాది సూడు."

దేవమ్మది కూడా అదే బాధ. మొగుడు పోయాక మరుదులు చేను ఇవ్వలేదు. అప్పట్లో ఆ కథ అయిపోయిన రోజు ఏడ్చి, నా చాటలో రెండు దోసిళ్లు పోసింది.

ఆ పుస్తకం ఆదోనిలో పాత కాగితాల అంగట్లో కొన్నాను. చివర ఇరవై పేజీలు లేవు. కథ ఆగిపోతే ఒప్పుకోరని, ఉన్న పేజీలే తిప్పుతూ మిగతాది కల్పించి చెప్పాను.

పలక మూడు రోజులు చదివింది. ఊపిరి తీసుకోదు. ఏడుపైనా వంటైనా ఒకటే గొంతు. కానీ ఒక్క ముక్క వదల్లేదు. నేను దాటేసిన వర్ణనలన్నీ వరుసగా బయటపడ్డాయి. మూడో రోజు చివర కమల మరుదుల కాగితం మీద వేలిముద్ర వేసి, పట్నంలో వంటమనిషిగా చేరింది. కథ అయిపోయింది.

ఒలిచే చేతులు ఆగాయి.

"ఏమప్పా, సేను యాడ పోయె?" అంది మద్దమ్మ. "నువ్వు సదివినప్పుడు కోర్టులో గెల్చె గదా?"

"నా పుస్తకంలో ఆఖరు పేజీలు లేకుండె."

"మరి సదివితివే?"

"సదవల్య. కల్పించి సెప్పినా."

"నీ మొగం మండ! మేము ఆ జడ్జి పేరు గూడా నేర్సుకుంటిమి గదప్పా!" ఏసమ్మ చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. అందరూ నవ్వారు.

దేవమ్మ నవ్వలేదు. "ఆ కథ ఇన్న వారానికే నేను సేను కోసరం ఆపీసుకు పోయి అర్జీ ఇచ్చినా పుల్లన్నా."

"ఏమన్నారు?"

"మల్ల రమ్మన్నారు. ఇంగా పోతానే ఉండా."



నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం పందిరి నీడ జరిగింది. రంగుపలకలో అక్షరాలు పోయి మా మొహాలే కనబడ్డాయి. కాసేపటికి వేడెక్కి ఆగిపోయింది. ఇందు నా వైపు తిరిగింది. నేను నల్లదాని తరఫున మాట్లాడాను. చెప్పినవన్నీ నిజాలే. ఎండలో కాగితం కంటే బాగా కనిపిస్తుంది. ఒకసారి చార్జింగు పెడితే వారాలు వస్తుంది. పుస్తకమైతే నా చేతికి విప్పి పట్టుకోవడమే కష్టం, ఇది ఎడమచేత్తో నిలుస్తుంది. లోపాలూ దాచలేదు. పేజీ తిప్పినప్పుడల్లా నల్లగా మిణుక్కుమంటుంది. కింద పడితే పుస్తకానికి ఏమీ కాదు, దీని పని అయిపోతుంది. ఇంకా ఎంత కథ మిగిలిందో చేతికి తెలియదు. కానీ పేజీలు ఊడిపోవు. అక్షరం ఎంత కావాలంటే అంత పెద్దదవుతుంది. ఇంత మాత్రమే చెప్పి ఊరుకోవాల్సింది. వేలితో నొక్కి పెద్దది చేసి చూపించాను కూడా.

"ఇట్లీ," అంటూ దేవమ్మ పలక కోసం చెయ్యి చాచింది.

ఎప్పుడో వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకున్న మనిషి. పుస్తకాల్లో అచ్చు కనబడక వదిలేసింది. చీర కొంగుకు చేతులు తుడుచుకుని పలక ఒళ్లో పెట్టుకుంది. పేజీకి ఆరే లైన్లు. మొదటి లైను కూడబలుక్కుని చదివేలోపు ఏసమ్మ గుప్పెడు కాయలు ఒలిచేసింది.

"గట్టిగా సదువే, ఈడ ఇనపడల్య," అంది మద్దమ్మ. "నీ వంతు మేము ఒలుస్తాంలే."

"నల్లదే ఉంచేదా?" అంది ఇందు.

"నల్లదే," అన్నారు నలుగురైదుగురు. నా వాదన గెలిచింది.

దేవమ్మ ఒక మాట దగ్గర ఆగి పలకను నా వైపు తిప్పింది. "ఇదేంది పుల్లన్నా?"

"హక్కుదారు."

"సరిగ్గా సూసి సెప్పు. ఉండేదే సెప్పు."

చూశాను. హక్కుదారే. అదే చెప్పాను. ఆమె పలక తన వైపు తిప్పుకుని మళ్లీ మొదలుపెట్టింది.

మరుసటి రోజు ఎమ్మిగనూరు బస్సెక్కాను. మార్కెట్ యార్డు దగ్గర ఒక గోదాములో కాపలాకు మనిషి కావాలన్నారు. వేళ్లు అక్కర్లేని పని.