పెడల్ కింది గొంతు

నలభై దాటినా బృందంలో అందరికీ ఆమె బుల్లే. పక్కన అక్క ఉన్నంతకాలం చెల్లెలు చిన్నదే కదా. అక్క పాడేది, బుల్లి కీబోర్డు వాయించేది. పెళ్ళి రిసెప్షనయినా, కంపెనీ వార్షికోత్సవమయినా పోస్టరు మీద అక్క బొమ్మే. బుల్లి దానికెప్పుడూ నొచ్చుకోలేదు. ఇరవయ్యేళ్ళ వయసులో ఇద్దరూ పాడి పంపిన టేపులు విని, అప్పటి బృందం పెద్దాయన, "నీ గొంతు స్టేజీకి ఆగదమ్మా. వేళ్ళు బాగున్నాయి, వాయించు" అన్నాడు. ఆ మాటే ఆమెకు వేదవాక్కయింది.

కొన్నేళ్ళుగా అక్క గొంతు పైస్వరాల దగ్గర జీరపోతోంది. అందరికన్నా ముందు పసిగట్టింది బుల్లే. ఒక మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని, తన పాత టేపులోంచి శుభ్రంగా ఉన్న ఒక్క "ఆ" కత్తిరించి కీబోర్డులోకి ఎక్కించింది. అదొక్కటీ మోగితే వేరే మనిషి గొంతని ఇట్టే తెలిసిపోతోంది. దాని కింద వయొలిన్లను ఒక లేయరుగా, పొరలా పరిచి, శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్‌తో పూర్తిగా ఒక స్థాయి కిందికి దింపింది. పైన వేణువును మరో లేయరుగా, ఒక స్థాయి పైకి ఎత్తి, వినీ వినిపించనంత పలచగా కలిపింది. ఇప్పుడు ఒక్క మెట్టు నొక్కితే మూడు ఎత్తుల్లో మూడు ధ్వనులు లేస్తున్నాయి. వాటి మధ్య ఆ గొంతు విడిగా తెలియకుండా ఒదిగిపోయింది.

గొంతు లేయరును మాత్రం కాలి కింది పెడల్‌కి ముడిపెట్టింది. అక్క తడబడబోయే క్షణాన పెడల్ తొక్కితే చాలు, చెల్లెలి గొంతు అక్క గొంతులో పాలల్లో నీళ్ళలా కలిసిపోయేది. "ఈ వయసులో కూడా ఏం పలుకుతోందండీ" అని జనం అక్కను మెచ్చుకుంటుంటే బుల్లికి కడుపు నిండేది.

ఆ కడుపులో చిచ్చు పెట్టింది డ్రమ్ముల మామయ్య. పాపం, పెట్టాలని పెట్టలేదు. మొదటి బృందంలో వాయించి, ఎప్పుడో మానుకున్న పెద్దమనిషి. సరదాగా రిహార్సల్ చూడ్డానికొచ్చి, టీ తాగుతూ అడిగాడు.

"గొంతులో ఆ గడ్డ పూర్తిగా తగ్గిందా అమ్మా?"

"ఏ గడ్డ మామయ్యా?"

"అదే, అప్పట్లో ఆపరేషనన్నారుగా. మీ అక్కే వచ్చి పెద్దాయనతో చెప్పింది, చెల్లి పాడితే ప్రమాదమట, ఆ సంగతి దానికి తెలియనివ్వకండి అని. నిజానికి ఆయన ఎంచుకున్నది నీ టేపే. నువ్వు బెంగపడతావని ఇంకేదో సాకు చెప్పాడు."

బుల్లి గొంతులో ఏనాడూ ఏ గడ్డా లేదు. టీ గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టింది.

"తగ్గిపోయింది మామయ్యా" అంది.

ఇంటికొచ్చి అక్కను నిలదీయలేదు. అడిగితే అక్క ఏడుస్తుంది, అక్క ఏడిస్తే తను కరిగిపోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఈసారి కరగదలచుకోలేదు. అక్కతో మామూలుగానే నవ్వింది, చీర రంగు బాగుందంది, పాటల వరస రాసిచ్చింది. లోపల మాత్రం కుంపటి.

అక్కకు సన్మానం తలపెట్టారు. పెద్ద ఆడిటోరియం, వెనక గోడంత తెర, తెర మీద అక్క ముఖం. బృందంలో డ్రమ్ములూ తబలా పోగా, పాటకు ఆధారశ్రుతి ఇచ్చేది కీబోర్డొక్కటే. ఎత్తినా దించినా బుల్లి చేతిలోనే ఉంది.

అందరూ ఎదురుచూసే పాట చివరికొచ్చింది. ఆఖరి చరణం ముందు కీబోర్డు ఒక్కటే మోగే చోట, బుల్లి ట్రాన్స్‌పోజ్ బటను మూడుసార్లు నొక్కింది. వేళ్ళు పాత మెట్ల మీదే నడిచాయి, మోత మాత్రం మూడు మెట్లు పైకెక్కింది. అక్క చెవి మంచిది, ఆ కొత్త శ్రుతినే అందుకుంది. రెండో పాదానికి మెడ నరాలు తేలాయి. వెనక్కి తిరిగి చెల్లెలి వైపు చూసింది. బుల్లి కూడా సూటిగా అక్కనే చూసింది.

"ఆ" అంటూ రాగం తీసే పైస్వరం దగ్గర అక్క గొంతు పూడుకుపోయింది. నోరు మూసుకుంది.

అప్పుడు బుల్లి పెడల్ అడుగంటా తొక్కి, వయొలిన్లనూ వేణువునూ ఆపేసింది. ఆడిటోరియమంతా ఇరవయ్యేళ్ళ గొంతు ఒంటరిగా ఖంగుమంది. గోడంత తెర మీద అక్క పెదవులు బిగించి ఉన్నాయి. రాగం సాగుతూనే ఉంది.

మొదట ఎవరో నవ్వారు. తర్వాత వెనక వరసలోంచి ఒక కేక వచ్చింది. "టేపు పెట్టి పాడుతోందిరా!"

టేపు అనే మాట క్షణంలో హాలంతా పాకింది. శాలువా కప్పాల్సిన పెద్దలు తలలు దించుకున్నారు. బుల్లి అనుకున్నంతా జరిగింది. కానీ ఆ గొంతు ఎవరిదని ఒక్కరూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే అక్క వచ్చింది. ముఖం వాచి ఉంది, కానీ ఏడవలేదు.

"గడ్డ సంగతి తెలిసిందా?" అంది.

"తెలిసింది."

"పెడల్ సంగతి నాకూ తెలుసే. నీ గొంతు నేను గుర్తుపట్టలేననుకున్నావా? మొదటి రోజే పట్టాను."

బుల్లికి ఒళ్ళు మండిపోయింది. ఒకసారి కాజేసింది చాలక, రెండోసారి తెలిసి తెలిసి వాడుకుంది.

"అయితే జనానికి చెప్పు. అది నా గొంతని చెప్పు."

"చెప్పను" అంది అక్క, చెప్పులేసుకుంటూ. "టేపన్నారుగా, టేపే అంటాను. నా పరువు ఎటూ పోయింది. ఆ గొంతుకొచ్చే పేరు నీకెందుకు మిగలనివ్వాలి?"

అక్క మళ్ళీ పాడలేదు. ఒప్పుకున్న కార్యక్రమాలు మిగిలిపోతే బుల్లే మైకు ముందుకొచ్చింది. లేయర్లు లేవు, పెడల్ లేదు. పక్కన ఒకాయన కీబోర్డు వాయిస్తుంటే, శ్రుతి తగ్గించుకుని తన సొంత గొంతుతో పాడింది. ఇన్నేళ్ళు వాడని గొంతు, అక్కడక్కడా గరగరలాడింది. కొందరు లేచిపోయారు. కూర్చున్నవాళ్ళు మర్యాదగా చప్పట్లు కొట్టారు.

అయ్యాక శ్రోతల్లోంచి ఒక ముసలాయన దగ్గరికొచ్చాడు. మనసులో మాట దాచుకునే మనిషిలా లేడు.

"పర్లేదమ్మా, బాగానే పాడావు. కానీ మీ అక్క సన్మానంలో మోగిన ఆ టేపు విన్నాను చూడూ, అదీ గొంతంటే. ఎవరిదో గానీ, మీ ఇద్దరూ దాని కాలిగోటికి సరిపోరు."

బుల్లికి ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అయినా ఆయన్ను కదలనివ్వలేదు.

"ఏమన్నారండీ? మళ్ళీ ఒక్కసారి చెప్పండి."

ఆయన మళ్ళీ చెప్పాడు. ఈసారి ఇంకాస్త పొగిడాడు.

బుల్లి బ్యాగులోంచి ఫోను తీసి, అక్క నంబరు నొక్కి, ఆయన చేతిలో పెట్టింది.

"ఈ ముక్క మా అక్కతో చెప్పండి" అంది. "నెమ్మదిగా, విడమరిచి చెప్పండి."