ఆగి తిరిగే మోటార్

కోపమొస్తే నాకు ముందు గొంతు లేస్తుంది, ఆ తర్వాతే బుర్ర పనిచేస్తుంది. ఆ ఆదివారం అది సీతాబాయి ఆంటీ మీద లేచింది.

అమీర్‌పేటలో ఆవిడ మేడ మీది గదిలో అద్దెకుంటాను. ఆవిడ కింద ఇడ్లీపిండి రుబ్బి హాస్టళ్లకు అమ్ముతుంది. నేను పంజగుట్టలో ఓ చిన్న కంపెనీలో మోటార్లు తయారుచేస్తాను. పెద్ద అయస్కాంతం ఉండే ఎమ్మారై స్కానింగ్ గదిలో రోగికి మందెక్కించే పంపు కోసం, అయస్కాంతం లేని మోటార్లు. అందులో ఒక లోహపు ఉంగరం చెవికి వినపడనంత వేగంగా వణుకుతుంటుంది. దాన్ని అదుముకుని కూర్చున్న చక్రం ఆ రాపిడితోనే తిరుగుతుంది. రెండింటి మధ్యా పల్చటి పొర ఉంటుంది. అది అరిగితే మోటార్ పనైపోయినట్టే.

"సోమవారం దాకా ఆగకుండా తిరిగితే ముందుకెళ్దాం ధాత్రీ. లేదంటే ఈ పని ఇక్కడితో ఆపేద్దాం," అని మా కంపెనీ యజమాని అచ్యుతరావుగారు తేల్చి చెప్పేశారు. ఆఫీసులో గోడలు పగలగొడుతున్నారు. దుమ్ము పడితే పొర పాడవుతుందని మోటార్‌ని గదికి తెచ్చుకున్నాను. ఈసారి వేసిన నల్ల పొర అరగకుండా చక్కగా తిరుగుతోంది. బయటికెళ్తూ, ఓ కన్నేసి ఉంచమని తాళంచెవి ఆంటీకి నేనే ఇచ్చాను.

తిరిగొచ్చేసరికి స్విచ్ ఆపేసి ఉంది.

"ఏంటాంటీ ఇది! ఎందుకాపారు?"

"గట్ల మొత్తుకోకు బిడ్డా. రాత్రీ పగలూ తిరుగుతనే ఉంది పాపం. నా గ్రైండర్‌కు సుత జర ఆరాం ఇస్త. బంద్ చేసి, బల్కంపేట ఎల్లమ్మకు మొక్కొచ్చిన."

స్విచ్ వేశాను. చక్రం కదల్లేదు. ఇన్నాళ్ల కష్టం బూడిదపాలైందని ఏడుపొచ్చేసింది. ఆంటీ మొహం చిన్నబుచ్చుకుని కిందికి వెళ్లిపోయింది.

వేలితో నెట్టాను. చక్రం టక్కున విడివడి మామూలుగా తిరిగింది. విప్పి చూస్తే పొర అరగనే లేదు. ముసురుకు చెమ్మ పట్టి, ఆగి ఉన్నంతసేపూ లోహానికి అతుక్కుపోయింది. ఆస్పత్రిలో పంపు రోజంతా తిరగదు. ఆగుతుంది, మళ్లీ తిరగాలి. మేమేమో ఆగకుండా తిప్పి సంబరపడుతున్నాం. ఇలాగే పంపించి ఉంటే ఏ రోగి పక్కనో మొరాయించేది.

అచ్యుతరావుగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"వేరే పొర ఉందా?"

"ఉందండీ. కొంచెం ఎక్కువ అరుగుతుందని పక్కన పెట్టాం. అయినా పంపుకి సరిపడా మన్నుతుంది."

"అది వేసి రాత్రంతా ఆపి చూడు. రేపు పొద్దున తిరిగితే ఈ పని ఆపను."

ఆ పొర తెచ్చి బిగించి కిందికి దిగాను. "అరిచినందుకు ఏమనుకోకండి ఆంటీ. ఇకనుంచి మీ గ్రైండర్‌తో పాటు దీన్నీ మీరే ఆపాలి."

"మల్ల లొల్లి చేయవు గద?"

"చెయ్యను."

తెల్లారేసరికి వాన ఇంకా పడుతూనే ఉంది. స్విచ్ ఆంటీనే వేయమన్నాను. ఎల్లమ్మను తలుచుకుని వేసింది. నేను వేలు పెట్టకుండానే చక్రం తిరిగింది. అలా తిరుగుతూనే ఉంది. నాకు గంతులేయాలనిపించింది.

ఆంటీ మాత్రం కాసేపు చూసి, స్విచ్ మీద చెయ్యి పెట్టింది. "ఇగ అలిసిపోయింటది. బంద్ చేయనా?"

"చెయ్యండి ఆంటీ," అన్నాను.